గువాము ద్వీపపు వైమానికులు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఈ రజతోత్సవమున ఏదైన విజ్ఞానవిషయమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. మన పఠనమందిరమున అట్లాసు ముందు వేసికొని కూర్చుండు బాలురు విమానములు నడుపువారి బ్రతుకు ఎట్లుండునని తరచు అడుగుచుందురని కూడ వారే చెప్పిరి. అందుచేత నేడు వైమానికులను గూర్చియే మాటలాడుదును. అయితే విమానము ఎట్లెగురునో నేను చెప్పబోవుట లేదు. దానిని నడుపు మనుష్యుడు ఎప్పుడు లేచును, ఎప్పుడు నిద్రించును, ఆ నిద్రకు పూచీ ఎవరు అనునదే నా ప్రసంగ విషయము. మహానగరములలోని వారిని వదలి, సముద్రమధ్యమున ఒక ద్వీపమును స్థావరముగ చేసికొని పనిచేయువారిని ఎన్నుకొంటిని. ఈ వృత్తిలోని చిక్కు అక్కడ స్పష్టముగ కనబడును.

పటమున జపానుకు దక్షిణముగను, ఫిలిప్పీనులకు తూర్పుగను వ్రేలు జరిపినచో పసిఫిక్ మహాసముద్రములో ఆవగింజంత చుక్క యొకటి కనిపించును. అది గువాము. దాని పొడవు సుమారు 30 మైళ్లు. 1898 నుండి అది అమెరికా ఏలుబడిలో నున్నది. నడుమ 1941 మొదలు 1944 వరకు జపాను సేనలు దానిని ఆక్రమించినవి. 2020 జనాభా లెక్కలలో అచటివారు లక్షన్నరకు కొంచెము పైన తేలిరి. మనకు సాయంకాలము 6 గంటలైనప్పుడు వారికి రాత్రి 10.30 అగును.

1968లో కాంటినెంటల్ విమాన సంస్థ మరికొందరితో కలిసి ఎయిర్ మైక్రొనీషియా అను సంస్థను స్థాపించి, ఆ ప్రాంతపు ద్వీపములకు జెట్ విమానములను నడుప నారంభించెను. ఆనాడు కొన్ని ద్వీపములలో విమానములు దిగు బాటలు, అనగా రన్‌వేలు, పగడపు రాతిని నలుగగొట్టి చదును చేసినవి మాత్రమే. చక్రములు ఎగజిమ్ము రాళ్లు తగిలి చెడకుండ విమానముల పొట్టకు టెఫ్లాన్ పూత పూసిరి. దోసె అంటుకొనకుండ మన యాడవారు వాడు పెనముల మీది పూతయు అదియే! 2010లో కాంటినెంటల్, యునైటెడ్ సంస్థలు ఏకమైన పిదప గువాము స్థావరము యునైటెడ్ వారిదైనది. స్థావరమనగా వైమానికుని ఉద్యోగయాత్ర మొదలై, మరల వచ్చి ముగియు ఊరు.

ఈ స్థావరమునకు సంబంధించిన మార్గములలో ప్రసిద్ధమైనది గువామునకును, హవాయి ద్వీపములలోని హోనొలులు నగరమునకును నడుమ ద్వీపద్వీపమునను ఆగుచు పోవునది. చూక్, పోన్పే, కోస్రే, క్వాజలీన్, మజురో అను దీవులు దాని మజిలీలు. క్వాజలీనులో అమెరికా సైనిక స్థావరమున్నది. అనుమతి లేనివారు అక్కడ కాలు మోపరాదు. మజిలీలన్నియు కలుపుకొని ప్రయాణము రమారమి 15 గంటలు. ప్రతి మజిలీలోను ముప్పావుగంటయో, మరికొంతయో నిలిచి, మరల ఎగురవలెను. మార్గమధ్యమున మరమ్మతు చేయువాడు దొరకడు గనుక మెకానిక్కును, కొన్ని విడిభాగములను విమానములోనే వెంట తీసికొనిపోవుదురు.

కాలగణనము ఇంకను వింతయైనది. గువాములో మంగళవారము ఉదయము 8 గంటలకు బయలుదేరి 15 గంటలు ప్రయాణించిన విమానము హోనొలులు చేరునప్పటికి అక్కడ అదే మంగళవారము తెల్లవారుజాము 3 గంటలు. బయలుదేరిన గడియకంటె ముందే చేరినట్లు గోడగడియారము చెప్పును! దారిలో తేదీరేఖను దాటుటయే దీనికి కారణము. వైమానికుని శరీరమునకు మాత్రము అది గువాము రాత్రి 11 గంటలు. గడియారమును త్రిప్పవచ్చును గాని ఒంటిని త్రిప్పలేము.

చూక్, పోన్పే, కోస్రేల రన్‌వేలు సుమారు 6,000 అడుగులవి. గువాములోని పెద్దది దానికి రెట్టింపు. చూక్ రన్‌వే కొనలు సముద్రమును తాకుచుండును. 2018 సెప్టెంబరు 28న పాపువా న్యూగినీ దేశపు విమానమొకటి ఆ రన్‌వేను అందుకొనలేక నీటిలో పడెను. 47 మందిలో 46 మంది బ్రతికిరి. ఆ ద్వీపవాసులు తమ చిన్న పడవలు వేసికొని పోయి వారిని తీరము చేర్చిరి. ఆ ప్రమాదమునకు అలసట కారణమని నేను చెప్పుట లేదు. పొరపాటునకు అక్కడ ఎంత కొద్ది చోటున్నదో తెలియుటకే చెప్పితిని.

ఇక డ్యూటీ పట్టికల మాట. రాబోవు నెల ప్రయాణముల పట్టికలను ముందుగనే ప్రకటింతురు. తనకు నచ్చినదానిని ఎవరైన కోరవచ్చును గాని కోరిక చెల్లుట సీనియారిటీని బట్టి. ఇది మన కాలువ నీటి వంతువంటిది. తలాపున నున్న పొలమునకు ముందు తడి, చివరి పొలమునకు మిగిలినది. కొత్తవాడు పండుగనాడు ఇంటనుండుట అరుదు. పట్టిక దొరకనివాడు రిజర్వులో నుండి, ఫోను మ్రోగినప్పుడు లేచిపోవలెను. కొందరికి గువాములో ఇల్లే యుండదు. హోనొలులు నుండియో, అమెరికా ప్రధానభూమి నుండియో ప్రయాణికులవలె వచ్చి పనిలో చేరుదురు. హోనొలులు నుండి నేరుగ వచ్చినను ఏడెనిమిది గంటలు. ఆ గంటలు వారి సొంత సమయము క్రిందనే జమ. శరీరము ఆ జమను ఒప్పుకొనదు.

దగ్గరలో దిగుటకు మరియొక విమానాశ్రయము లేని ద్వీపమునకు పోవునప్పుడు, గమ్యము చేరిన పిమ్మట ఇంకను రెండు గంటలు ఎగురుటకు చాలిన ఇంధనము మిగిలియుండవలెనని అమెరికా నిబంధన. ఇంధనమునకు ఇంత లెక్క కట్టిన మనుష్యుడు నిద్రకు సరియైన లెక్క కట్టుటకు చాలకాలము పట్టినది. 1997 ఆగష్టు 6న, రాత్రి ఒంటిగంట దాటిన పిమ్మట, సియోలు నుండి వచ్చిన పెద్ద విమానము గువాము రన్‌వేకు మూడు మైళ్లకు పైగా దూరముననే కొండను ఢీకొనెను. 254 మందిలో 228 మంది మరణించినట్లు దర్యాప్తు నివేదిక చెప్పినది. తోడ్పడిన కారణములలో కెప్టెను అలసటను కూడ దర్యాప్తుదారులు పేర్కొనిరి. నిద్ర వచ్చుచున్నదని ఆయన అన్న మాట విమానములోని శబ్దగ్రాహక యంత్రములో మిగిలియున్నది.

2009లో అమెరికాలోని బఫలో నగరము వద్ద 50 మంది మరణించిన మరియొక ప్రమాదము తరువాత, 2014 జనవరి నుండి అక్కడ క్రొత్త నిబంధనలు అమలునకు వచ్చినవి. డ్యూటీకి ముందు 10 గంటల విరామము, అందులో 8 గంటలు నిరాటంకముగ నిద్రించుటకు అవకాశము ఉండవలెను. ఇద్దరే యున్నచో ఒక డ్యూటీలో 8 గాని, 9 గాని గంటలకు మించి ఎగురరాదు. ఏడు దినములలో ఒకమారైన 30 గంటలు ఎడతెగని సెలవు. ప్రతి ప్రయాణమునకు ముందును, తాను పనికి తగియున్నానని వైమానికుడు స్వయముగ ధ్రువపరుపవలెను.

అసలు కష్టము ఈ కడపటి మాటలో నున్నది. “నేను అలసియున్నాను, నడుపలేను” అని మహానగరములో ఒకడు చెప్పినచో వేరొకడు వచ్చును. పోన్పేలో చెప్పినచో ఎవరు వత్తురు? విమానములో వైద్యమునకై పోవు రోగి యుండును, చదువుకొనబోవు పిల్లవాడుండును, ముందు దీవిలోనివారు ఎదురుచూచు టపాయు, మందులును ఉండును. మరల విమానము వచ్చుట రేపు గాదు. ఇందరి ముఖములు చూచి “లేదు” అనుట తుపానులో ఎగురుటకంటె కష్టమని నా యభిప్రాయము. చట్టము ఆ హక్కునిచ్చినది గాని, హక్కును వాడుకొనువానికి మారుమనిషి సిద్ధముగ నుండినప్పుడే అది పనికివచ్చును. ఆ దీర్ఘమార్గమున రెండు జంటల వైమానికులను ఎక్కించి, సగము దారి ఒక జంట, సగము దారి మరియొక జంట నడుపునట్లు చేయుట ఇందువలననే. కూర్చున్న జంటకు జీతము దండుగ యనువారుందురు. చేనికి కాపలా పెట్టినవానికి దొంగ రాలేదని కూలి ఎగవేయుదుమా?

గువాములో సంసారము పెట్టినవారికి వేరొక చిక్కు కలదు. పెద్ద తుపాను వచ్చుచున్నదని తెలిసినప్పుడు విమానములను ముందుగనే సురక్షిత ప్రదేశములకు తరలించుట ఇట్టిచోట్ల వాడుక. 2023 మే 24న మావార్ అను తుపాను ఆ ద్వీపమును తాకినది. విద్యుత్తు, నీరు నిలిచిపోయినవి. ప్రయాణికుల విమానములు కొన్ని దినములు నడువలేదు. అట్టి సమయమున విమానమును తప్పించుటకు ఒక వైమానికుడు కావలెను. అతని భార్యాబిడ్డలు ఆ ద్వీపముననే, తలుపులు బిగించుకొని యుందురు.

బాలురారా, మజురో నుండి గువాము వరకు ఆరు చుక్కలున్నవి. సభ ముగిసిన పిదప అట్లాసు తెరచి వెదకుడు. కోస్రే కొంచెము ఆలస్యముగ దొరకును.