కబురు అందుకున్న గ్రాహకం ఎటు పోతుంది?

రక్తంలో హార్మోను ఎంత ఉందన్నది సగం లెక్కే. దాన్ని పట్టుకునే గ్రాహకాలు కణం పైపొర మీద ఎన్ని మిగిలాయన్నది మిగతా సగం. ఈ సంఖ్య నిలకడగా ఉండదు. హార్మోను తగిలిన గ్రాహకాలను చాలా కణాలు నిమిషాల్లోనే లోపలికి లాక్కుంటాయి.

ఇందులో బాగా శోధించినది అడ్రినలిన్‌ను అందుకునే బీటా-2 గ్రాహకం. శ్వాసనాళాల చుట్టూ ఉండే కండరాల్లో ఇది ఉంటుంది. దమ్ము (ఆస్తమా) ఉన్నవాళ్లు పీల్చే సాల్బుటమాల్ పంపు పనిచేసేది ఈ గ్రాహకం మీదే.

మందు తగలగానే గ్రాహకం ఆకారం మారుతుంది. లోపలివైపున్న జి-ప్రోటీన్ కదులుతుంది, సైక్లిక్ ఎఎంపి అనే సంకేత అణువు పెరుగుతుంది, కండరం వదులవుతుంది. మారిన ఆ ఆకారాన్నే గుర్తుపట్టి జిఆర్‌కె అనే ఎంజైములు గ్రాహకం తోకకు ఫాస్ఫేట్లు తగిలిస్తాయి. ఫాస్ఫేట్లు తగిలిన తోకను బీటా-అరెస్టిన్ వచ్చి పట్టుకుంటుంది. 1990లో ఈ ప్రోటీన్‌ను వెలికితీసింది రాబర్ట్ లెఫ్కోవిట్జ్ బృందం. బ్రయన్ కోబిల్కాతో కలిసి ఆయన 2012 రసాయన శాస్త్ర నోబెల్ అందుకున్నారు. అరెస్టిన్ రెండు పనులు చేస్తుంది. జి-ప్రోటీన్‌కు దారి మూస్తుంది, గ్రాహకాన్ని క్లాత్రిన్ అనే మరో ప్రోటీన్‌కు అప్పగిస్తుంది.

క్లాత్రిన్‌ను 1976లో బార్బరా పియర్స్ శుద్ధి చేసి వేరుచేశారు. దీని అణువుకు మూడు కాళ్లు. అలాంటివి ఒకదానికొకటి అల్లుకుని పొరను లోపలికి గుంట చేస్తాయి. గుంట మెడను డైనమిన్ అనే ప్రోటీన్, మిర్చికి తొడిమ తుంచినట్టు, తెంపుతుంది. డైనమిన్ ఎంత ముఖ్యమో ఒక రకం పండ్ల ఈగలు చూపిస్తాయి. వీటి డైనమిన్‌లో లోపం ఉంటుంది. కాస్త వేడి చేస్తే నాడీ కొసల్లో గుంటలు తెగక ఈగలు చచ్చుబడి పడిపోతాయి, చల్లబడితే మళ్లీ లేస్తాయి.

తెగిన సంచి కణం లోపలి ఎండోసోమ్ అనే అరలో కలుస్తుంది. గ్రాహకం గతి తేలేది ఇక్కడే. లోపలి ఆమ్లత్వానికి చాలా హార్మోన్లు పట్టు వదులుతాయి. బీటా-2 గ్రాహకాల్లో ఎక్కువ భాగం ఫాస్ఫేట్లు వదిలించుకుని పైపొరకు తిరిగి వస్తాయి. ఇజిఎఫ్ అనే వృద్ధి కారకం గ్రాహకానికి యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్ గుర్తు పడితే, కణం జీర్ణాశయం లాంటి లైసోసోమ్‌లో జీర్ణం కావడమే. ఇన్సులిన్ విషయంలో గ్రాహకం చాలావరకు తిరిగొస్తుంది, హార్మోను మాత్రం లోపలే విరిగిపోతుంది. రక్తంలోంచి ఇన్సులిన్‌ను తొలగించే ముఖ్యమార్గం ఇదే. ఇన్సులిన్ గంటల తరబడి ఎక్కువగా ఉంటే కణంపై గ్రాహకాలు తగ్గుతాయని 1974లో మనిషి తెల్లరక్తకణాల్లో గావిన్, రాత్ ప్రభృతులు చూపారు. అయితే రెండో రకం షుగరును ఈ తగ్గుదలతోనే వివరించడం సరికాదు. గ్రాహకం తర్వాతి మెట్లలోని లోపాలకే అక్కడ ప్రాధాన్యం ఎక్కువ.

లోపలికి వెళ్లిన గ్రాహకం మూగబోతుందన్న పాత అభిప్రాయం కూడా నిలవలేదు. థైరాయిడ్‌ను ప్రేరేపించే హార్మోను, పారాథైరాయిడ్ హార్మోను గ్రాహకాలు ఎండోసోమ్‌లో ఉండి కూడా సంకేతం పంపుతాయని 2009లో తేలింది.

హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీలో అమితాభ ఛటోపాధ్యాయ బృందం సెరొటోనిన్-1ఎ గ్రాహకంపై ఈ దారులను పరిశీలించింది. మామూలుగా అది క్లాత్రిన్ దారిన లోపలికి పోయి, తిరిగి పైకి వస్తుంది. స్టాటిన్‌తో కణంలోని కొలెస్టరాల్‌ను దీర్ఘకాలం తగ్గించినప్పుడు అది కేవియోలిన్ అనే వేరే ప్రోటీన్ దారి పట్టింది, లోపలికి వెళ్లాక లైసోసోమ్ వైపు మళ్లింది. పెంపక కణాల్లో తేలిన ఫలితమిది. దీన్ని చూసి స్టాటిన్ వాడేవారు మాత్రలు మానకూడదు.

మళ్లీ సాల్బుటమాల్ విషయానికొస్తే, ఆ పంపు రోజూ పదేపదే పీల్చితే బీటా-2 గ్రాహకాలు పైపొర మీద పలచబడతాయి. దుమ్ము తగిలినప్పుడు నాళాలు బిగుసుకోకుండా కాపాడే గుణమే ముందు తగ్గుతుంది. పీల్చే స్టెరాయిడ్ వాపును తగ్గించడంతో పాటు బీటా-2 జన్యువును ప్రేరేపించి కొత్త గ్రాహకాల తయారీని పెంచుతుంది. పెద్దవారికీ కౌమారులకూ సాల్బుటమాల్ ఒక్కదానితోనే ఆస్తమా చికిత్స వద్దని అంతర్జాతీయ మార్గదర్శకం జినా 2019లో చెప్పడానికి ప్రధాన కారణం తీవ్రమైన దాడుల ముప్పు. వారానికి రెండుసార్లకు మించి ఈ పంపు అవసరమవుతున్నవారు డాక్టరును కలవాలి.