మూడు నిమిషాల సినిమా చాలు

 

"సినిమా తీయాలని ఉందన్నా, ఎట్లా మొదలుపెట్టాల?" అని రాప్తాడు చుట్టుపక్కల పిల్లలు మమ్మల్ని అడుగుతుంటారు. మేము చెప్పేది ఒకటే: చిన్నది తీయండి, పూర్తి చేయండి, పదిమందికి చూపించండి.

దారి మన జిల్లాలోనే ఉంది. తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి గారు వాహినిలో నిర్మాణ పనులు చూస్తూ మెళకువలు నేర్చుకుని 'మాయాబజార్' (1957) దాకా పోయినారు. అనంతపురం కుర్రాడు సుజీత్ లఘుచిత్రాలు తీసి తీసి, 2014లో 'రన్ రాజా రన్'తో దర్శకుడైనాడు.

మనకు ఇంకో కారణమూ ఉంది. మన గోర్‌బోలికి వాడుకలో సొంత లిపి లేదు. తీజ్ పాటలు, పెళ్లి పాటలు అవ్వల నోట్లోనే ఉన్నాయి. వాన రాక, శెనక్కాయ చేతికందక బెంగళూరుకు వలసపోయిన ఇళ్లలో ఆ పాట వినే పిల్లలు తగ్గుతున్నారు. అవ్వ పోతే పాటా పోతుంది.

కాబట్టి మొదటి సినిమా అవ్వ మీదే తీయండి. ముందు ఆమెను అడగండి. ఫోను అడ్డంగా పట్టుకోండి. మిట్టమధ్యాహ్నం ఎండలో ముఖం మీద నీడలు పడతాయి. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ తీయండి. మన దగ్గర గాలి ఎక్కువ. మైకు లేకుంటే ఇంకో ఫోను అవ్వ పక్కనే పెట్టి పాట రికార్డు చేయండి. ముఖం ఒక షాటు, పేటియాకు అద్దాలు కుట్టే చేతులు ఒక షాటు, తండా ఒక షాటు. ఎడిటింగులో అక్కరలేనిది తీసేయండి. అయినాక మొదట అవ్వకే చూపించండి.

పదో సినిమాకు మీ చేయి తిరుగుతుంది. మొదటిదానికే మన పాట దక్కుతుంది. వచ్చే ఫిబ్రవరి 15న, సేవాలాల్ జయంతికి, ఇక్కడే తెర కడదాం. సినిమాలతో రండి.