స్వప్నమున కనిపించు బొమ్మ
(శరన్నవరాత్రుల సందర్భమున తడలో చేసిన ప్రసంగ పాఠము)



కాళంగి నది యొడ్డున సూళ్లూరుపేటలో కొలువుదీరిన చెంగాళమ్మ పరమేశ్వరికి నమస్కరించి ఈ ప్రసంగమును ప్రారంభించుచున్నాము.

మన తడ రెండు సీమల నడుమనున్న ఊరు. దక్షిణమున తమిళదేశములో నవరాత్రులకు, ఉత్తరమున కోస్తా జిల్లాలలో సంక్రాంతికి బొమ్మలకొలువు పెట్టుట వాడుక. రెండు ఆచారములను ఎరిగిన మన తల్లులు ఈ దినములలో మమ్ము ఒక ప్రశ్న అడుగుచుందురు. "అయ్యా! కలలో బొమ్మ కనిపించినది, మాట్లాడినది, చేతిలోనే విరిగినది. ఇందువలన ఇంటికి కీడు కలుగునా?" ఇది నవ్వి ఊరకుండదగిన ప్రశ్న కాదు. ఈ భయముచే నిద్రకు దూరమైన వారిని, ఉన్న కాసింత బంగారము అమ్మి శాంతులు చేయించిన వారిని మేము చూచితిమి. కావున శాస్త్రమేమి చెప్పుచున్నదో విచారింతము.

బృహదారణ్యకోపనిషత్తు నాలుగవ అధ్యాయములో యాజ్ఞవల్క్య మహర్షి జనక మహారాజునకు స్వప్నతత్త్వమును బోధించెను. కలలో నిజమైన రథములు లేవు, గుఱ్ఱములు లేవు, దారులును లేవు. వానినన్నిటిని జీవుడే కల్పించుకొనుచున్నాడని ఆ బోధ సారము. అట్లయిన కలలోని బొమ్మను చేసిన శిల్పి ఎవరు? కల కన్నవారే. పూర్వానుభవముల సంస్కారమే దానికి మట్టి. మనస్సే దానికి రంగు. తన చేతితో తాను చేసిన దానిని చూచి తానే వణకుట తగునా?

"మరి కలలకు ఫలము లేదా? త్రిజట కల నిజము కాలేదా?" అని మీరు అడుగవచ్చును. నిజమే. బ్రహ్మసూత్రములు స్వప్నసృష్టిని మాయామాత్రమని చెప్పుచునే, కొన్ని స్వప్నములు రానున్న దానిని సూచించునని అంగీకరించినవి. కాని ప్రతి కలయు సూచకము కాదు. చరకసంహిత ఇంద్రియస్థానము ఐదవ అధ్యాయమున కలలు 7 విధములని చెప్పబడినది. కన్నది, విన్నది, అనుభవించినది, కోరినది, ఊహించినది, రానున్నదానిని తెలుపునది, వాతాది దోషముల వలన కలుగునది. వీనిలో మొదటి 5 విధములు నిష్ఫలములని ఆ గ్రంథమే నిర్ణయించినది.

ఇక బొమ్మను ఆలోచింపుడు. పుట్టిన పిల్ల చేతికి మొదట అందునది బొమ్మ. పొణికి కర్రతో చేసిన కొండపల్లి బొమ్మ, అంకుడు కర్రతో చేసిన ఏటికొప్పాక లక్కబొమ్మ, మనకు దగ్గరలోనే తిరుపతి ఎఱ్ఱచందనపు బొమ్మల జంట, ఇవి ఏ ఇంట లేవు? ఆడుకొన్నది బొమ్మతో, పెండ్లిచేసినది బొమ్మకు, మెట్లపై నిలిపి హారతి ఇచ్చినది బొమ్మకు. అట్టి వస్తువు కలలోనికి వచ్చుట వింత కాదు. అది కన్నది, అనుభవించినది. ఆ కలలు నిష్ఫలములని శాస్త్రమే చెప్పుచుండగా వానికి లేని ఫలమును మనము అంటగట్టరాదు.

విరిగిన బొమ్మ అపశకునమని భయపడువారు వినాయకచవితిని స్మరింపవలెను. మట్టి ప్రతిమలో స్వామిని ఆవాహన చేసి అర్చింతుము. ఉద్వాసన చెప్పిన పిమ్మట ఆ మట్టిని నీటిలో కలుపుదుము. కరిగినది మట్టి, స్వామి కాదు. విజయదశమి రాత్రి కొలువులోని ఒక బొమ్మను పరుండబెట్టు ఆచారము మీరెరిగినదే. పరుండిన బొమ్మను చూచి ఎవరైనను ఏడ్చుచున్నారా? మరునాడు మెత్తని గుడ్డలో చుట్టి పెట్టెలో దాచెదరు. వచ్చు ఏటికి మరల తీసెదరు. రూపమునకు రాకపోకలు కలవు, చైతన్యమునకు లేవు. బొమ్మ మనకు నేర్పు మొదటి పాఠమిది.

బిడ్డను పోగొట్టుకొన్న ఒక తల్లి మా వద్దకు వచ్చినది. ఆ బిడ్డ ఆడుకొన్న బొమ్మ కలలో అరుగుపై కూర్చుండి ఆమెను పిలుచుచుండెడిదట. బిడ్డ జీవము ఆ బొమ్మలో చిక్కుకొన్నదని, పెద్ద ఖర్చుతో క్రియ జరిపి దానిని పులికాటు సరస్సులో వేయవలెనని ఎవరో చెప్పిరట. మేము ఇట్లు చెప్పితిమి: "అమ్మా! జీవుడు కర్మానుసారముగా తన గతికి పోవును. కర్రబొమ్మలో బందీ కాడు. నీ కలలో పిలిచినది ప్రేతము కాదు, నీ వాత్సల్యము. దానిని నీళ్లలో వేయవలసిన పని లేదు. మనసొప్పిన నాడు ఆ బొమ్మను మరియొక పసిబిడ్డ చేతిలో పెట్టుము. మనసొప్పకున్న దాచుకొనుము. రెండింటను దోషము లేదు."

బొమ్మను గూర్చి ఇతిహాస పురాణములలో రెండు మాటలున్నవి. అరణ్యవాసమున దుఃఖము పట్టజాలక ద్రౌపది, మానవులు ఈశ్వరుని చేతిలో కర్రబొమ్మల వంటివారని నిష్ఠురముగా పలికెను. ధర్మరాజు ఆమె దుఃఖమును ఎరిగియు ఆ వాదమును అంగీకరింపలేదు. ధర్మమును శంకింపవలదని బోధించెను. మనము కేవలము త్రాటికి కట్టిన బొమ్మలమైనచో జపమేల? దానమేల? రెండవది భాగవత దశమస్కంధములోనిది. బాలకృష్ణుడు గోపికలు చప్పట్లు చరచి ఆడుమనగా, వారికి వశుడై కర్రబొమ్మవలె ఆడెను. లోకములను ఆడించువాడు ప్రేమకు లోబడి తానే బొమ్మ అయ్యెను! దుఃఖము బొమ్మలో బంధమును చూచినది. భక్తి అదే బొమ్మలో భగవంతుని చూచినది. కలలో బొమ్మ కనిపించినపుడు ఈ రెండవదానిని స్మరింపుడు.

అట్టి కలతో ఉలికిపడి లేచినచో చేయవలసినది స్వల్పము. కాళ్లు చేతులు కడుగుకొని హరిని తలంపుడు. తెల్లవారుజామున గజేంద్రమోక్షమును పఠింపుడు; దానికి దుస్స్వప్నములను పోగొట్టు శక్తి కలదని భాగవతమే చెప్పుచున్నది. స్నానము చేసి దీపము పెట్టుడు. ఇందులో ఖర్చు లేదు. అదే కల మాటిమాటికి వచ్చి నిద్ర చెడుచున్నచో వైద్యునకు చూపుడు. దోషముల వలన కలుగు కలలున్నవని చరకసంహితయే చెప్పినది కదా! భయమును చూపి ధనమడుగువానికి మాత్రము ఒక్క పైసయు ఈయకుడు.

సూళ్లూరుపేటలో అమ్మవారి గుడికి తలుపులు పెట్టబోగా, తల్లి కలలో కనిపించి వలదన్నదని స్థలకథ. నేటికిని ఆ వాకిలి రాత్రియందును మూయబడదు. అర్ధరాత్రి భయపడి లేచిన బిడ్డకు తల్లి వాకిలి తెరచియుండగా, కలలోని బొమ్మకు వెరవనేల?

ఆ జగన్మాత మీ అందరికిని సుఖనిద్రను, సద్బుద్ధిని ప్రసాదించుగాక!

స్వస్తి.