కొర్రమీను ఏ దారిన వెళ్లింది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

వెనక బెంచీలో పిల్లికూతలతో ఊపిరి పీల్చే కుర్రాడొకడు ఉండేవాడు, గుర్తున్నాడా? నేనే. ఇల్లు వన్‌టౌన్‌లో, నాన్న ఉద్యోగం పోర్టులో. ఆరేసిన చొక్కాల మీద కూడా దుమ్ము పడేది.

1983 మృగశిర కార్తెకి నాన్న నన్ను గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాదు తీసుకెళ్లారు, బత్తిని సోదరుల చేప మందు కోసం. ఇప్పుడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఇస్తున్నారు గానీ, అప్పట్లో పాతబస్తీ దూద్‌బౌలిలో. పైసా తీసుకోరు. బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో పసుపుపచ్చటి ముద్ద పెట్టి నా గొంతులోకి జారవిడిచారు. కదులుతూ దిగింది. శాకాహారులకైతే బెల్లంతో ఇస్తారు. 45 రోజుల పథ్యం, వరసగా మూడేళ్లు. మూడేళ్లూ వెళ్లాం.

చేప ఈదుకుంటూ పోయి కఫాన్ని కడిగేస్తుందని క్యూలో చెప్పుకునేవారు. ఆ ఏడే మన సైన్సు మాస్టారు బోర్డు మీద రెండు గొట్టాలు గీశారు. ఒకటి కడుపుకి, రెండోది ఊపిరితిత్తులకి. ఆ బొమ్మకి నాకు పదికి పది మార్కులు. చేప వెళ్లింది కడుపు గొట్టంలోకని మాత్రం తట్టలేదు!

నిజం చెప్పాలి, తగ్గినట్టే ఉండేది. జూన్‌లో వానలు పడి దుమ్ము అణిగేది. ఉబ్బసం అసలే వస్తూ పోతూ ఉండే జబ్బు. మూడో ఏడు మాత్రలు మానేశాను. మందిచ్చినవాళ్లు మానమనలేదు, "తగ్గిపోనాది కదా" అని మా ఇంట్లోనే అనుకున్నాం. ఆ భోగి తెల్లవారుజామున మంటల పొగలో పెదాలు నీలమై పడిపోయాను. రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్లి ఆక్సిజన్ పెట్టించారు. నాన్న ఏడవడం అదొక్కసారే చూశాను.

మందంటే రుజువేదని జన విజ్ఞాన వేదిక వాళ్లు అడిగారు. తర్వాత పేరు 'చేప ప్రసాదం' అయింది. ప్రసాదంతో నాకు పేచీ లేదు. ఇన్హేలరంటే ఉన్న భయంతోనే పేచీ. ఉబ్బసంలో గాలి గొట్టాల లోపల వాపు ఉంటుంది. అది తగ్గించే ఇన్హేలర్‌ని డాక్టరు చెప్పినట్టు, ఆయాసం లేని రోజున కూడా పీల్చాలి. "స్టెరాయిడ్ కదా, అలవాటైపోతుంది" అంటారు. అలవాటు కాదు. పైగా అందులో మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, మాత్రలో మిల్లీగ్రాముల్లో.

మా అన్నయ్య మనవరాలు ఇప్పుడు ఇదే బడిలో ఆరో తరగతి. దాని సంచిలో నీలం రంగు ఇన్హేలర్ ఒకటి ఉంటుంది, ఆయాసం వచ్చినప్పుడు వాడేది. టీచర్లకు నా మనవి ఒక్కటే. దాన్ని తీసుకుని ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వెయ్యకండి.