ముక్కు ఒకవైపే మూసుకుంటే

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను ఉర్దూ మీడియం పంతుల్ని, డాక్టరును కాను. అయినా ఈ సంగతి చెప్పవలసిన బాధ్యత నాకున్నది.

మా మామూ వడ్రంగి. ఎడమ ముక్కు మూసుకుపోయి, చీమిడిలో రక్తపు చార కనబడితే జలుబన్నారు. బజారునుంచి ముక్కుచుక్కలు తెచ్చి ఇచ్చింది నేనే. ఆరు నెలలు అలాగే గడిచాయి. బుగ్గ మొద్దుబారింది, పైపళ్లు కదిలాయి. ఒక పన్ను పీకించాం కూడా, గాయం మానలేదు. చివరకు విశాఖపట్నంలో ముక్కులోకి సన్నని గొట్టం పెట్టి చూసి, స్కాన్ తీసి, చిన్న ముక్క కోసి పరీక్షిస్తే పైదవడ ఎముకలోని గాలిగదిలో, అంటే సైనస్‌లో, క్యాన్సర్ అని తేలింది.

అరుదైన జబ్బే. కాని ఆ గది ఖాళీ గనుక గడ్డ చాలాకాలం నొప్పి లేకుండా పెరుగుతుంది. గోడ దాటాకనే కన్ను ఉబ్బడం, ఒకటి రెండుగా కనబడడం. మామూలు జలుబు పది పదిహేను రోజుల్లో పోతుంది. ఒకవైపే మూసుకుని వారాల తరబడి వదలకపోయినా, రక్తం పడినా చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించాలి. ఎముకను ఎంత తిన్నదో సి.టి. స్కాన్ చెబుతుంది, కన్ను, మెదడు వైపు పాకిందేమో ఎం.ఆర్.ఐ. చూపుతుంది. క్యాన్సర్ అవునో కాదో తేల్చేది మాత్రం ఆ కోసిన ముక్కే. దానికి భయపడి వెనక్కి వచ్చేసేవాళ్లున్నారు.

ఇంగ్లండులో కుర్చీలు, బల్లలు చేసేవారిలో ఈ ముక్కు క్యాన్సర్ ఎక్కువని 1960లలో గమనించారు. 1995లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ కర్రధూళిని క్యాన్సర్ కారకమని తేల్చింది. మామూకు కారణం అదేనని డాక్టరుగారు అనలేదు. అయినా చిత్రిక పట్టే మన కుర్రాళ్లు మాస్కు పెట్టుకుంటే పోయేదేముంది?

ఇక మన ప్రాంతపు అడ్డపొగ. 1971లో అచ్చయిన పరిశీలనలో, శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో చూసిన 10,169 మందిలో నూటికి దాదాపు 44 మంది చుట్ట నిప్పు నోట్లో పెట్టి తాగేవారే. ఆ వేడికి అంగిట్లో క్యాన్సర్ పుడుతుంది. అంగిలి పైనే సైనస్. నానమ్మలు నోరు తెరవడానికి సిగ్గుపడతారు. టార్చిలైటు వేసి చూడండి.

మామూకు పైదవడ ఒకవైపు తీసేసి, ఆపైన రేడియేషన్ ఇచ్చారు. విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నది. ఇందుకోసం బొంబాయి పోనక్కరలేదు. అంగిట్లో పడిన కంతకు పళ్ల డాక్టరు పలక చేసిచ్చారు. అది తీస్తే తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తాయి, మాట అర్థం కాదు.

మామూ మూడో వరుసలో కూర్చున్నారు. "నా పేరు చెప్పకురా, పలక సంగతి చెప్పు" అన్నారు. సభ అయ్యాక కావలసినవారికి చూపిస్తారట.