చిన్న వర్తకుని వెబ్‌సైటు – వ్యయ ప్రణాళిక



"మాకు నొక వెబ్‌సైటు కావలెను, ఎంత యగును?" అని మన నేతగాండ్రును, చిన్న వస్త్రవర్తకులును నేడు తఱచుగా నడుగుచున్నారు. ప్రశ్న మంచిదే. కాని దానికి ముందు "దానిచేత మనకు జరుగవలసిన పని యేమి?" అని యడుగవలెను. అంగడి చిరునామాయు ఫోను నంబరును తెలిపిన చాలునా? చీరల చిత్రములు చూపవలెనా? కొనుగోలు, చెల్లింపు సైత మచ్చటనే జరుగవలెనా? మొదటిదానికి నాలుగు పుటలు చాలును. కడపటిదానికి సరకు లెక్క చూచుటకును, తిరిగివచ్చిన చీరలను సరిచూచుటకును ప్రతిదినము నొక మనిషి కావలెను. అంతేకాదు, ఆన్‌లైనున విక్రయించు సంస్థ తన పేరును, చిరునామాను, ఫిర్యాదుల నాలకించు అధికారి వివరములను ప్రకటింపవలెనని 2020 సంవత్సరపు వినియోగదారుల పరిరక్షణ (ఈ-కామర్సు) నియమములు విధించుచున్నవి.

పడుగు పన్నుటకు ముందే నూలెంత, రంగెంత, కూలి యెంత యని లెక్కింపని నేతగాడు లేడు. ఇచ్చట మాత్రము చేతనున్న సొమ్మంతయు నిర్మించువానికే యిచ్చివేయుట యేల? నా సూచన యిది. కేటాయించిన ప్రతి 100 రూపాయలలో 40 నిర్మాణమునకు, 25 ఫొటోలకును వ్రాతకును, 10 పేరునకును హోస్టింగునకును వినియోగించి, తక్కిన 25 రెండవ యేటి మరమ్మతులకు దాచవలెను. ఫొటోల ఖర్చును తగ్గింపరాదు. మగ్గముపై నున్న రంగు తెఱపై కనబడనిచో చీర తిరిగివచ్చును. రానుపోను రవాణా ఖర్చు మన నెత్తిన బడును. పోచంపల్లి ఇక్కత్తునకు 2005లో భౌగోళిక సూచిక లభించినది. దానికి అధీకృత వినియోగదారులుగా నమోదైనవారు ఆ సంగతిని మొదటి పుటయందే తెలుపవలెను.

ఇక ముఖ్యమైన మాట. డొమైను పేరు శాశ్వతముగా కొన్న ఆస్తి కాదు, అద్దె వంటిది. ‘డాట్ కామ్’ పేరును ఒక్కమారున గరిష్ఠముగా 10 సంవత్సరములకు నమోదు చేసికొనవచ్చును. గడువును, దానిపై నిచ్చు వ్యవధియు దాటినచో నితరులు దానిని తీసికొనగలరు. కావున పేరు మీ పేరిటనే, మీ ఈ-మెయిలుతోనే నమోదు కావలెను. పాస్‌వర్డులు మీయొద్ద నుండవలెను. నిర్మించువానితో వ్రాసికొను ఒడంబడికలో నిది మొదటి షరతు కావలెను.

సాహుకారు నూలుకు, సాహుకారు చెప్పిన ధరకు నేసిన బ్రతుకులు మనకు తెలియనివి కావు. నేటికి నట్లు నేయువారు గలరు. నేసినవాని పేరు కొనువానికి నేరుగా చేర్చు సాధన మిది. ఆ పేరే పరుల చేతిలో నున్నచో మరియొక సాహుకారును తెచ్చుకొన్నట్లే యగును.

పోషక మహాశయులకొక మనవి: పది కుటుంబములకు గలిపి ఒక ఫొటోగ్రాఫరును, లెక్క దెలిసిన యొక యువకునినో యువతినో రెండేండ్లు పోషింపుడు. అంతకంటె ఫలవంతమైన విరాళము నాకు తోచుట లేదు.