పాత గుడిసె విప్పేముందు కొత్త కప్పు మీద ఒక వాన పడనివ్వాలె



మన ఊళ్లల్ల కొత్త ఇల్లు కట్టుకున్నోళ్లు పాత గుడిసెను వెంటనే విప్పరు. కొత్త కప్పు మీద ఒక వాన పడనిస్తరు. ఎక్కడ కారుతుందో చూసి, సరిచేసి, అప్పుడు పాతదాని జోలికి పోతరు. ఈ రోజు నేను చెప్పేది ఇదే. కాకపోతే ఇంటి గురించి కాదు, వెబ్ సర్వర్ గురించి.

మీలో చాలామంది కంప్యూటర్ చదువులు చదువుతున్నారు. ఊరి పాటలు, పెద్దలు చెప్పిన కథలు, గ్రామసభ తీర్మానాలు, 2006 అటవీ హక్కుల చట్టం కింద పెట్టుకున్న దరఖాస్తుల నకళ్లు దాచే సైటును చూసుకునే బాధ్యత రేపు మీ మీదే పడొచ్చు. ఏదో ఒక రోజు పాత సర్వర్ సరిపోదు. కొత్తదానికి మారాలె. ఆ రోజు తొందరపడితే ఏమవుతుంది?

2018 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో టీఎస్‌బీ అనే బ్యాంకు ఒక్క వారాంతంలో పాత కంప్యూటర్ వ్యవస్థ నుంచి కొత్తదానికి మారింది. ఆ బ్యాంకుకు దాదాపు 52 లక్షల మంది ఖాతాదారులు. మారిన వెంటనే ఎంతోమంది తమ ఖాతాలోకి పోలేకపోయారు. అంతా మామూలు కావడానికి డిసెంబర్ దాకా పట్టింది. 2022లో అక్కడి నియంత్రణ సంస్థలు 4.86 కోట్ల పౌండ్లకు పైగా జరిమానా వేశాయి. తర్వాత జరిగిన విచారణలో తేలిన ముఖ్యమైన విషయం ఒకటుంది. రెండు డేటా సెంటర్లు ఉంటే, బరువు మోసే పరీక్ష ఒక్కదాని మీదే చేశారు. అంత డబ్బున్న బ్యాంకే సగం కప్పు మీద నీళ్లు పోసి, ఇల్లంతా కారదనుకుంది!

మరి మనం ఎట్ల చేయాలె?

మొదట, కొత్త సర్వర్‌ను లోకానికి చూపకుండా మనం ఒక్కళ్లమే చూడాలి. మీ కంప్యూటర్‌లో హోస్ట్స్ అనే చిన్న ఫైల్ ఉంటుంది. అందులో కొత్త సర్వర్ ఐపీ నంబరు, పక్కన సైటు పేరు రాస్తే, మీ ఒక్క మిషన్‌కు మాత్రమే ఆ పేరు కొత్త సర్వర్‌ను చూపిస్తుంది. మిగతా అందరికీ పాతదే కనిపిస్తుంది. పని అయ్యాక ఆ లైను తీసేయడం మర్చిపోవద్దు. లేకుంటే ఏ సర్వర్ చూస్తున్నామో మనకే తెలియదు.

మొదటి పేజీ వచ్చింది కదా అని సంబరపడొద్దు. పాత సర్వర్ లాగ్‌లో జనం నిజంగా అడిగిన పేజీల చిరునామాలుంటాయి. అవన్నీ తీసి కొత్తదాన్ని అడగండి. ఎన్ని దొరికాయి, ఎన్ని దొరకలేదు, లెక్క తీయండి. లాగిన్, ఫొటో ఎక్కించడం, పేరుతో వెతకడం, ఫారం పంపడం అన్నీ చేసి చూడండి.

ఇప్పుడు మనకు అన్నింటికన్నా ముఖ్యమైనది: అక్షరం. ఆదిలాబాద్ ప్రాంతంలోని గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల లిపి, గుంజాల గోండి, 2018లో యూనికోడ్‌లో చేరింది. మసారం గోండి అంతకుముందు ఏడాదే చేరింది. తెలుగు అక్షరం ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటే, ఈ గోండి అక్షరాలు 4 బైట్లు తీసుకుంటాయి. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో యూటీఎఫ్8 అనే పాత అమరిక 3 బైట్ల దాకే మోస్తుంది. యూటీఎఫ్8ఎంబీ4 అని పెడితేనే 4 బైట్లు పడతాయి.

అంటే తెలుగులో పరీక్ష పెడితే అంతా బాగానే కనిపిస్తుంది. గోండి దగ్గరికి వచ్చేసరికి అక్షరం పోయి ప్రశ్నార్థకం మిగులుతుంది. పట్టిక సరిగ్గానే ఉన్నా, మైఎస్‌క్యూఎల్ 5.7లోని మైఎస్‌క్యూఎల్‌డంప్‌తో అక్షర అమరిక చెప్పకుండా నకలు తీస్తే ఇదే జరుగుతుంది. ఆ నకలు నుంచి అసలు అక్షరం మళ్లీ రాదు. పాత సర్వర్ తుడిచేసి ఉంటే, ఆ పాట పోయినట్టే. అందుకే పరీక్షకు గోండిలో రాసిన వాక్యం ఒకటి తప్పకుండా పెట్టండి. గోండి కీబోర్డు లేదా? ఒక ఎమోజీ పెట్టి చూడండి, చాలా ఎమోజీలూ 4 బైట్లవే.

తర్వాత ఫోన్. మన జనం చూసేది ల్యాప్‌టాప్‌లో కాదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ల ఉచిత సర్టిఫికెట్‌ను ఆండ్రాయిడ్ 7.1.1 కన్నా పాత ఫోన్లు తమంతట తాము నమ్మవు. సైటు తెరిస్తే హెచ్చరిక రావచ్చు. ఇంట్లో పాత ఫోన్ ఉంటే దాంతో చూడండి. సిగ్నల్ సరిగా అందని చోట నిలబడి చూడండి.

ఇంకో జాగ్రత్త. కొత్త సర్వర్‌లో ఉన్నది నిజమైన మనుషుల వివరాల నకలు. దానికి పాస్‌వర్డ్ పెట్టండి. మెయిళ్లు, మెసేజ్‌లు పంపే పనులు, టైము పెట్టి నడిచే పనులు ఆపేయండి. లేకపోతే పరీక్ష కోసం నొక్కిన బటన్‌తో ఎవరికో "మీ దరఖాస్తు అందింది" అని అబద్ధపు కబురు పోతుంది.

మారే రోజు సంగతి. డీఎన్‌ఎస్‌లో టీటీఎల్ 86,400 సెకన్లు, అంటే ఒక రోజు ఉంటే, కనీసం రోజు ముందే దాన్ని 300కు తగ్గించండి. మారేముందు పాతదాంట్లో కొత్తగా రాయడం ఆపి, చివరి నకలు తీసి, రెండు వైపులా రికార్డుల సంఖ్య సరిచూడండి. అప్పుడు పేరు కొత్త ఐపీకి మార్చండి. ఏదైనా తేడా వస్తే, ఎవరు, ఎంతసేపట్లో వెనక్కి తిప్పాలో ముందే కాగితం మీద రాసుకోండి. కొత్తదాంట్లో జనం రాయడం మొదలుపెట్టాక వెనక్కి తిప్పితే ఆ రాతలు పోతాయి కాబట్టి, ఆ నిర్ణయం తొందరగానే జరగాలి.

పాత సర్వర్‌ను కొన్ని వారాలు అట్లనే ఉంచండి. దానికయ్యే కిరాయి దండగ అని ఎవరైనా అంటే, పోయిన తీర్మానం నకలు మళ్లీ ఎక్కడ దొరుకుతుందో వాళ్లనే అడగండి.

వాన పడనివ్వండి. కారే చోటు మనమే ముందు చూద్దాం.